ఐర్లండ్‌లో మనవాళ్ళను టూర్లకు తిప్పే పెద్దలకు బహిరంగ లేఖ: ఏథన్‌రై దగ్గర బస్సు ఆపండి

ఐర్లండ్‌లోని తెలుగు సంఘాల కమిటీ సభ్యులకు, వీకెండ్ ట్రిప్పులు వేసే అన్నలకు, ట్రావెల్ వీడియోలు తీసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

ఉద్యోగాలు చేసుకుంటూ, శనాదివారాలు ఖర్చుపెట్టి, యాభై మందిని బస్సెక్కించి, పులిహోర పొట్లాలు కట్టించి, సాయంత్రానికి అందర్నీ క్షేమంగా ఇళ్ళకు చేర్చడం మామూలు పని కాదు. మీరు చేస్తున్నారు, సంతోషం. ఇక విషయానికి వస్తాను.

డబ్లిన్ నుంచి పడమటి తీరంలోని మోహర్ క్లిఫ్స్‌కో (సముద్రం పక్కనున్న ఎత్తైన కొండచరియలు) గాల్వేకో వెళ్ళే మన బస్సులు చాలావరకు ఎం6 హైవే మీదే పోతాయి. దాని 17వ ఎగ్జిట్ దగ్గర దిగితే గాల్వే కౌంటీలోని పాత ఊరు ఏథన్‌రై. రోడ్డు దిగిన కాసేపటికే 13వ శతాబ్దపు కోట, 14వ శతాబ్దపు ఊరిగోడ, 15వ శతాబ్దపు సంత శిలువ, అన్నీ కాలినడకన చూసేంత దగ్గర్లో ఉంటాయి. అక్కడ గంటన్నర ఆపండని గ్రూపుల్లో అడుగుతూనే ఉన్నాను. ఒకరు దణ్ణం బొమ్మ పెట్టారు. ఇంకొకరు "నెక్స్ట్ ట్రిప్‌లో చూద్దాం బ్రో" అన్నారు, ఆ నెక్స్ట్ ట్రిప్ కూడా అయిపోయింది. మరొకరైతే "ఓరుగల్లు కోట చూసినవాళ్ళకు ఆ రాళ్ళేం చూపిస్తావ్" అని నవ్వారు. ఈలోగా ఒక వీడియో వచ్చింది, ఎవరిదో చెప్పను, తీసినవాళ్ళకు తెలుసు. అందులో ఏథన్‌రై కోటను ఒక ఐరిష్ రాజు కట్టించాడట, బ్రిటిష్ వాళ్ళు వచ్చి ఆయన్ని చంపారట, రాత్రిపూట ఏవో అరుపులు వినిపిస్తాయట. ఇది తప్పని కింద కామెంట్ పెడితే ఆ కామెంట్ మాయమైంది. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

ముందు ఆ కోట సంగతి. అది ఐరిష్ రాజు కట్టింది కాదు. ఇంగ్లండ్ వైపు నుంచి వచ్చి ఐర్లండ్‌ను ఆక్రమించిన నార్మన్ దొరల వంశంవాడు మైలర్ డి బర్మింగ్‌హామ్, వాళ్ళలోనే పెద్దవాళ్ళైన డి బర్గ్ దొరల దగ్గర ఇక్కడి భూమి సంపాదించి, 1235 తర్వాతి ఏళ్ళలో క్లారిన్ ఏటి ఒడ్డున కట్టించాడు. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. 1241లో డొమినికన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులకు మఠం కూడా కట్టించాడు. కోట ఒక్కటే ఉంటే దొరకు లాభం లేదు, చుట్టూ వ్యాపారం జరగాలి. అందుకని స్థలాలు కొలిచి, వీధివైపు సన్నగా వెనక్కి పొడుగ్గా ఉండే ముక్కలు చేసి, వచ్చి స్థిరపడే వర్తకులకూ చేతిపనివాళ్ళకూ కౌలుకిచ్చాడు. సంత పెట్టాడు. చుట్టుపక్కల పల్లెల ఉన్ని, తోళ్ళు, ధాన్యం ఇక్కడికి రావాలి, ఇక్కడే తూకం వెయ్యాలి, ఇక్కడే సుంకం కట్టాలి. ఏథన్‌రై అంటే మీరు ఫొటోలో చూపించే ఆ ఒక్క కట్టడం కాదు, దాని పక్కన బతికిన పేట.

కోటలో ఒక్క చోట ఆగమంటాను. లోపలికి వెళ్ళే అసలు గుమ్మం నేలమీద లేదు, మొదటి అంతస్తులో ఉంది. బయటి మెట్లెక్కి వెళ్ళాలి, దాడి వస్తే మెట్లు తీసేస్తే చాలు. ఆ గుమ్మం రెండు పక్కలా స్తంభాల తలల మీద ఆకులు, పూలు చెక్కి ఉంటాయి. యుద్ధం కోసం కట్టిన గోడకు అంత సోకు చేసిన గుమ్మం ఐర్లండ్ కోటల్లో అరుదు. ఎనిమిది వందల ఏళ్ళ వాన పడినా ఆ ఆకుల ముడతలు ఇంకా కనిపిస్తున్నాయి. వీడియోలో ఆ గుమ్మం ముందే నిలబడి దయ్యాల గురించి చెప్పారు, కెమెరా ఒక్కసారి కూడా పైకెత్తలేదు.

ఇక గోడ. ఊరిగోడ కట్టడానికి అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మకానికి ఊళ్ళోకి వచ్చే సరుకు మీద కొన్నేళ్ళపాటు అదనంగా పన్ను వసూలు చేసుకోవడానికి రాజు అనుమతి పత్రం ఇచ్చేవాడు, ఆ డబ్బుతో గోడ లేచేది. అంటే గోడ ఖర్చు దొర జేబులోంచి కాదు, సంతకు తోలు మూట తెచ్చినవాడి దగ్గర, చివరికి ఆ తోలు కొన్నవాడి దగ్గర రాబట్టేవారు. ఏథన్‌రై గోడకు ఇంకో కథ కూడా చెబుతారు. 1316 యుద్ధంలో చనిపోయినవాళ్ళ ఆయుధాలు, కవచాలు అమ్మగా వచ్చిన సొమ్ము దానికి వాడారని.

ఆ యుద్ధం గురించి మన వీడియోల్లో ఒక్క ముక్క లేదు. స్కాట్లండ్ రాజు తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్ 1315లో సైన్యంతో ఐర్లండ్‌లో దిగాడు. దేశమంతా అల్లకల్లోలం, పైగా యూరప్ అంతటా ఆ ఏళ్ళలో వానలు ఎక్కువై పంటలు పోయాయి, కరువు. ఇదే అదనుగా కొనాక్ట్ (ఐర్లండ్ పడమటి ప్రాంతం) రాజు ఫెలిమ్ ఓకానర్, 23 ఏళ్ళ కుర్రాడు, చాలామంది ఐరిష్ నాయకుల్ని కూడగట్టి 1316 ఆగస్టు 10న ఏథన్‌రై దగ్గర తలపడ్డాడు. అవతల నార్మన్ దొరలు విలియమ్ లియాత్ డి బర్గ్, రికార్డ్ డి బర్మింగ్‌హామ్. ఐరిష్ పక్షం చిత్తుగా ఓడింది. ఫెలిమ్ చనిపోయాడు, అతనితో పాటు ఎందరో నాయకులు. ఎన్ని వేలమంది పోయారన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు గాని, కొనాక్ట్ రాజుల బలం ఆ ఒక్క రోజుతో విరిగిపోయిందన్న మాట మీద పెద్దగా పేచీ లేదు. ఏథన్‌రై పాత ముద్రలో కోటద్వారం మీద గుచ్చిన తలలు కనిపిస్తాయి. అవి ఆ రోజు చనిపోయిన నాయకులవేనని ఊళ్ళో చెబుతారు. ఊరి ముద్ర మీద అలాంటి బొమ్మ వేసుకున్నారంటే, గోడ లోపలివాళ్ళు బయటివాళ్ళకు ఎంతగా భయపడి బతికారో చూడండి.

గెలిచిన ఊరు కదా, సుఖంగా ఉందా అంటే లేదు. 1570లలో గాల్వే ప్రాంతపు పెద్ద దొర క్లాన్‌రికార్డ్ ఎర్ల్ కొడుకులు వచ్చి తగలబెట్టారు. వీళ్ళెవరో తెలుసా? అదే డి బర్గ్ వంశం. 1316లో ఊరిని కాపాడిన వంశానికి చెందినవాళ్ళే రెండున్నర శతాబ్దాల తర్వాత ఐరిష్ భాష మాట్లాడుతూ, ఐరిష్ పద్ధతుల్లో బతుకుతూ, ఇంగ్లండ్ రాణి మనుషుల మీద కోపంతో అదే ఊరికి నిప్పు పెట్టారు. చర్చిలో మీ అమ్మ సమాధి ఉందయ్యా అని ఎవరో అంటే, ఆవిడ బతికున్నా సరే ఆవిడతో పాటే తగలబెడతాను గాని ఇక్కడ ఇంగ్లీషు చర్చి ఉండనివ్వను అన్నాడట వాళ్ళలో ఒకడు. ఈ మాట రాసిపెట్టింది హెన్రీ సిడ్నీ, రాణి తరఫున ఐర్లండ్‌ను పాలించిన అధికారి. శత్రువు గురించి శత్రువు రాసింది, కాబట్టి కాస్త ఉప్పూకారం తగిలించి ఉండొచ్చు. ఏమైనా ఊరు కాలింది నిజం. సిడ్నీ మళ్ళీ కట్టించాలని చూశాడు, జనం తగ్గిపోయారు కాబట్టి ఊరిని కుదించడానికి అడ్డగోడ కూడా మొదలుపెట్టారు. కొద్దికాలానికే మళ్ళీ దాడి. ఆపైన 1597లో ఇంగ్లండ్ మీద పోరాడుతున్న ఐరిష్ నాయకుడు హ్యూ ఓడానెల్ ఉత్తరాన్నించి దండు తెచ్చి, ద్వారాలకు నిప్పుపెట్టి, నిచ్చెనలు వేసి గోడెక్కి, ఊరిని దోచి బూడిద చేశాడు. కోట, మఠం, సెయింట్ మేరీస్ చర్చి మిగిలాయి. ఆ దెబ్బ నుంచి ఏథన్‌రై మళ్ళీ పూర్తిగా లేవలేదు.

గోడ ఇంతగా నిలబడటానికి కారణం కూడా అదేనని నా అభిప్రాయం. గాల్వే పెరిగింది, ఓడలొచ్చాయి, డబ్బొచ్చింది, పాత ఊరిగోడలు చాలావరకు పడగొట్టి కొత్త కట్టడాలు కట్టుకున్నారు. ఏథన్‌రైలో పడగొట్టాల్సినంత అవసరం ఎవరికీ రాలేదు. గోడ లోపల కూడా ఇళ్ళు నిండక పచ్చిక మిగిలిపోయింది. ఈ రోజు వెళ్ళినా ఊరిగోడ లోపలే గడ్డి మైదానాలు కనిపిస్తాయి, చాలామంది అది పార్కు కోసం వదిలారనుకుంటారు. ఇంత చితికిన ఊరు కూడా 1800 దాకా ఐరిష్ పార్లమెంటుకు ఇద్దరు సభ్యుల్ని పంపింది. ఓట్లు ఎవరివి, సీట్లు ఎవరి గుప్పిట్లో ఉండేవి అన్నది మన రాజకీయాలు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మిగతాది త్వరగా చెబుతాను. 1845 నుంచి బంగాళాదుంప తెగులుతో మహా కరువు, దేశంలో సుమారు పది లక్షల మంది చావు, ఇంకో అంతమంది వలస. ఊరి పేరుతో స్టేడియాల్లో పాడే "ఫీల్డ్స్ ఆఫ్ ఏథన్‌రై" పాట ఆ కరువు గురించే. అయితే పాట పుట్టింది 1970ల చివర్లో, దాన్ని ఆ కాలపు జానపదమని వీడియోల్లో చెప్పకండి. 1851లో రైలొచ్చింది. 1916లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగినప్పుడు గాల్వే వైపు కొన్ని వందలమంది లియామ్ మెలోస్ వెనక ఏథన్‌రై పక్కనున్న ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో చేరారు, అక్కణ్ణుంచి మోయోడ్ కోటకు పోయారు, చేతిలో తుపాకులు చాలక చివరికి ఎవరి దారిన వాళ్ళు విడిపోయారు. ఇక మన ఐటీ వాళ్ళకు తెలిసిన ముక్క: 2015లో యాపిల్ 85 కోట్ల యూరోలతో డేటా సెంటర్ పెడతామన్నది ఈ ఊరి శివార్లలోనే. అనుమతులు, అభ్యంతరాలు, కోర్టులు అంటూ సాగి సాగి 2018 మేలో యాపిల్ వదిలేసుకుంది. అప్పుడు ఉద్యోగాలొస్తాయని మన గ్రూపుల్లో ఈ ఊరి పేరు ఫార్వర్డ్ చేయనివాళ్ళు లేరు!

సరే, బస్సు ఆపకపోతే కొంపేం మునుగుతుంది అంటారా? మామూలు జనానికి జరిగే నష్టం, దానికి మీరు చెయ్యాల్సింది, కలిపే రాస్తున్నాను.

1. మన అమ్మానాన్నల సంగతి చూడండి. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వస్తే గట్టిగా మూడు నెలలు. అందులో ఒక్క టూరు, అదీ క్లిఫ్స్. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యలు, బీపీ ఉన్న మామయ్యలు ఆ గాలికి నిలబడలేక బస్సులోనే కూర్చుండిపోవడం మీరు చూడలేదా? ఏథన్‌రైలో ఎత్తులు లేవు, రైలు స్టేషన్ నుంచి కోటకు నిదానంగా నడిచినా దూరం కాదు, మధ్యలో టీ తాగడానికి చోట్లున్నాయి. కోట పైఅంతస్తుకు మెట్లున్నాయి, అది ఎక్కలేనివాళ్ళు సంత శిలువ దగ్గర బెంచీ మీద కూర్చోవచ్చు. ప్రతి పడమటి టూరులో ఇక్కడ గంటన్నర ఆపాలి. క్లిఫ్స్ దగ్గర సెల్ఫీలకిచ్చే టైములో అరగంట కోస్తే మిగతాది అదే సర్దుకుంటుంది.

2. తప్పు చరిత్ర చెప్పడం ఆపాలి. ఆ వీడియోకు సవరణ పెట్టాలి, లేదా తీసెయ్యాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలు స్కూల్లో నార్మన్ల గురించి, కరువు గురించి చదువుకుని వస్తున్నారు. ఇంటికొచ్చి అమ్మానాన్న ఫోన్లో "బ్రిటిష్ వాళ్ళు చంపిన ఐరిష్ రాజుగారి కోట" అని వింటే వాళ్ళకు మన మాట మీద నమ్మకం పోతుంది. పైగా ఈ ఊరి కథలో విలన్ ఎవరో తేల్చడం అంత తేలిక కాదు, కట్టినవాళ్ళు, కాల్చినవాళ్ళు, కాలిపోయినవాళ్ళు అందరూ ఒకరికొకరు చుట్టాలే అయ్యారు కొన్ని తరాలకు. అది అలాగే చెప్పండి. జనం చూడరని భయపడకండి, దయ్యం కన్నా ఇదే రసవత్తరంగా ఉంది.

3. గోడ ఎక్కకండి, ఎక్కించకండి. రీల్స్ కోసం పిల్లల్ని గోడమీద నిలబెట్టి తీసిన క్లిప్పులు చూశాను. ఆ రాళ్ళను పట్టి ఉంచేది సిమెంటు కాదు, పాత సున్నం. ఒక రాయి కదిలితే దాని వెంట నీళ్ళు దిగుతాయి, మంచు కాలంలో ఆ నీరు గడ్డకట్టి పగులు పెద్దదవుతుంది, ఆ తర్వాత బాగు చెయ్యడానికి అనుమతి కావాలి, పనివాళ్ళు కావాలి, ప్రజల డబ్బు కావాలి. ఇంకో విషయం, అమెజాన్లో కొన్న మెటల్ డిటెక్టర్ పట్టుకుని పాత గోడల పక్కన నాణేలు వెతకడం సరదా అనుకోకండి. ఇలాంటి స్మారకాల దగ్గర అనుమతి లేకుండా దాన్ని వాడటం ఈ దేశంలో నేరం. వీసా స్టాంపుల మీద బతికే మన కుర్రాళ్ళకు ఈ టెన్షన్ అవసరమా? టూరు మొదలయ్యే ముందు బస్సులోనే మైకులో ఈ మాట చెప్పాలి, దీన్ని మీ రూల్స్ మెసేజ్‌లో పెట్టాలి.

4. డబ్బు సంగతి. మన బస్సు హైవే పక్క పెట్రోల్ బంకులో ఆగుతుంది, యాభై మంది అక్కడే కాఫీ కొంటారు. అదే యాభై మంది నాలుగున్నర వేల జనాభా దాటిన ఏథన్‌రైలో దిగితే ఆ పూట ఒక చిన్న హోటల్‌కు గిరాకీ. పాత చర్చిలో హెరిటేజ్ సెంటర్ ఉంది, ముందుగా మాట్లాడుకుని గ్రూపుగా వెళ్ళండి, టికెట్ కొని వెళ్ళండి. పార్కింగ్‌లో మన పులిహోర మనం తిని, చెత్తబుట్ట నింపి, ఒక్క యూరో ఖర్చు పెట్టకుండా వచ్చే పద్ధతి వద్దు. ఇల్లు అద్దెకు దొరక్క, వలస వచ్చినవాళ్ళ మీద రోజూ ఏదో ఒక మాట పడుతున్న కాలం ఇది. మనం వాళ్ళ ఊరిని చూడ్డానికి వచ్చామా, మూత్రవిసర్జనకు ఆగామా అన్నది వాళ్ళు గమనిస్తారు. కాస్త మోటుగా అన్నాను, కాని ఉన్న మాట.

5. ఉత్తర ద్వారం దగ్గర జాగ్రత్త. ఊరి పాత ద్వారాల్లో మిగిలింది అదొక్కటే, దాని కిందనుంచి వీధి ఇప్పటికీ సాగుతోంది. ఇరుకు. పెద్ద బస్సును అటు తిప్పకుండా డ్రైవర్‌కు ముందే చెప్పండి. గ్రూప్ ఫొటో కోసం దారికి అడ్డంగా నిలబడితే వెనక పాలు, బ్రెడ్ కోసం బయల్దేరిన ముసలావిడ కారులో ఎదురుచూస్తుంటుంది.

6. సంత శిలువను గుడ్డిగా దాటిపోకండి. ఊరి నడిబొడ్డున దిమ్మె మీద చిన్నగా ఉంటుంది, అరిగిపోయి ఉంటుంది, అందుకే ఎవరి కంటా పడదు. ఒకవైపు సిలువ మీద క్రీస్తు, ఇంకోవైపు ఒళ్ళో బిడ్డతో మరియ. ఐర్లండ్‌లో ఆ తరహా శిలువ మొదట నాటిన చోటే ఇంకా నిలబడి ఉన్నది ఇదొక్కటే. బేరాలు, ఒప్పందాలు దాని నీడలోనే జరిగేవి, తూకంలో మోసం చేసేవాడు దేవుడి ముందు చేస్తున్నానని గుర్తుపెట్టుకోవాలన్నమాట. మోసం ఆగిందో లేదో గాని శిలువ మాత్రం అన్ని మంటలకూ తట్టుకుని నిలిచింది. ఒక్క అయిదు నిమిషాలు, అంతకన్నా అడగను.

మీకు గైడ్ లేడంటే నేను వస్తాను, చార్జీ లేదు, బస్సులో సీటిస్తే చాలు. తెలుగులో రెండు పేజీల కాగితం తయారుచేసి ఉంచాను, కోట, గోడ, మఠం, శిలువ, నడిచే దారి అన్నీ వరుసగా ఉన్నాయి, అడిగినవాళ్ళందరికీ పంపుతాను, మీ పేరు పెట్టుకుని వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. కోట ఏడాది పొడుగునా తెరవరు, చలికాలంలో మూసేస్తారు, కాబట్టి తేదీ ఖాయం చేసేముందు సమయాలు చూసుకోండి. దసరా సెలవుల హడావిడి మొదలయ్యేలోపు వేసే పడమటి టూరులో ఏథన్‌రై పేరు ఉంటుందో లేదో కమిటీలు గ్రూపుల్లోనే బాహాటంగా చెప్పాలని కోరుతున్నాను. కుదరదంటే ఎందుకు కుదరదో కూడా చెప్పండి. ఈసారి దణ్ణం బొమ్మ మాత్రం పెట్టకండి.

ఇట్లు,
గాల్వే కౌంటీలో ఉంటున్న మీ తెలుగువాడు